అతిమధుర పరిమళం: కొల్లేటి సీమలో తీపి సెంటు

అతిమధురం వేరు, సోంపు, ముదురు బెల్లం పాకం మూడూ కలిసి గుర్తుకొచ్చేలా కూర్చిన తీపి సెంటే అతిమధుర పరిమళం. ఐరోపా సుగంధ పరిశ్రమలో 1990ల నుంచి దీనికి ఆదరణ పెరిగింది. పెద్ద కంపెనీలతోపాటు తక్కువ సంఖ్యలో సీసాలు తయారుచేసి, ఎక్కువ ధరకు అమ్మే నీష్ పరిమళ సంస్థలూ దీన్ని తమదైన తీరులో కూర్చాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల మధ్య బతికేవారికి ఈ వాసన ఒంటికి కొత్త, నోటికి పాత. భోజనమయ్యాక నమిలే సోంపులో, తీపి కిళ్ళీలో, గొంతు బొంగురుపోతే బుగ్గన పెట్టుకునే అతిమధురం పుల్లలో, పలావులో వేసే అనాసపువ్వులో ఇది ఎప్పటినుంచో ఉంది. నాలుకకు అలవాటైన వాసనను చర్మం మీదికి ఎలా తెచ్చుకోవాలి, ఈ ఉక్కపోతలో దాన్ని ఎలా నిలుపుకోవాలి అన్నవే ఈ ప్రాంతానికి సంబంధించిన అసలు ప్రశ్నలు.

ప్రాంతం

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఏలూరు, కైకలూరు, దెందులూరు, నూజివీడు ఏలూరు జిల్లాలో చేరాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు దీంట్లో కలుస్తాయి, ఉప్పుటేరు దీని నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో ప్రభుత్వం సరస్సులో 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. చెరువులు, కాలవలు, వరిచేలు పరుచుకున్న ఈ నేలలో గాలి తేమగా ఉంటుంది. సెంటు విషయంలో ఈ తేమను మించి లెక్కలోకి తీసుకోవలసింది మరొకటి లేదు.

వేరులో రుచి, గింజలో వాసన

అతిమధురం చిక్కుడు కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రీయ నామం గ్లిసిరైజా గ్లాబ్రా. సంస్కృతంలో యష్టిమధుకం. మధ్యధరా తీరం నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్, మధ్య ఆసియా వరకు దీని స్వస్థలం. మన ఆయుర్వేద మూలికల కొట్లలో దొరికే పసుపురంగు పుల్లలు ఎక్కువగా ఆ వైపు నుంచి దిగుమతి అయినవే. తీపికి కారణం గ్లిసిరైజిన్ అనే పదార్థం. అది పంచదారకన్నా 30 నుంచి 50 రెట్లు తియ్యన. అయితే గ్లిసిరైజిన్ ఆవిరి కాదు, ఆవిరి కానిదానికి వాసన ఉండదు. అతిమధురం పుల్లను విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే కాస్త మట్టి, కాస్త ఎండుగడ్డి, అడుగున పల్చటి తీపి తప్ప మరేమీ తగలదు.

జనం అతిమధురం వాసన అనుకునేది నిజానికి సోంపు, అనాసపువ్వుల వాసన. పాశ్చాత్య దేశాల్లో అతిమధురం సారంతో చేసే నల్లటి మిఠాయిలో చెరకు మడ్డి, సోంపు జాతి నూనె కలుపుతారు. తరాలపాటు ఆ మిఠాయి తిన్న ముక్కులకు మూడూ కలిసి ఒకే వాసనగా స్థిరపడ్డాయి. ఆ నూనెలోని ముఖ్య ద్రవ్యం అనెథోల్. సోంపు, అనాసపువ్వు నూనెల్లో అధికభాగం అదే. దీనికి వాసనతోపాటు రుచి కూడా ఉంది: పంచదారకన్నా సుమారు 13 రెట్లు తియ్యన. సోంపు నమిలినప్పుడు నోటికీ ముక్కుకూ ఒకేసారి తీపి తగలడానికి కారణం ఇది. అనెథోల్‌కు అతి దగ్గరి చుట్టం ఎస్ట్రాగోల్. అణువులో పరమాణువులు అవే, ఒక జంట బంధం చోటు మాత్రం మారుతుంది. అది కాస్త పచ్చిగా, ఆకు వాసనతో ఉంటుంది.

అందుచేత అతిమధుర పరిమళాన్ని పరిమళకర్త వేరునుంచి పిండడు, కూర్చుతాడు. పైన అనెథోల్ గాని అనాసపువ్వు నూనె గాని, మధ్యలో పూలవాసన గల అనిసాల్డిహైడ్, మాడిన పంచదార వాసననిచ్చే ఇథైల్ మాల్టాల్, అడుగున వెనిలిన్, ఎండుగడ్డి వాసన గల కౌమరిన్, ఒక్కోసారి పచౌలి. పేరు అతిమధురానిదే అయినా సీసాలో ఆ వేరు చుక్క కూడా లేకపోవచ్చు. దీన్ని మోసం అనుకోనక్కర్లేదు. మల్లె సెంట్లలోనూ చాలావాటిలో మల్లెపువ్వు ఉండదు.

గురివింద ప్రస్తావన ఇక్కడ అవసరం. కంచెల మీద పాకే ఈ తీగ ఆకులు నమిలితే తియ్యగా ఉంటాయి; దీని వేరును అతిమధురానికి బదులుగా వాడిన సంగతి పాత వైద్య గ్రంథాల్లో ఉంది. తీపి కోసం దీని జోలికి పోవడం మాత్రం ప్రమాదం. ఎర్రటి గింజల్లోని అబ్రిన్ ప్రాణాలు తీసే విషం.

ఈ నేల మీదే ఉన్న వాసనలు

అనెథోల్, ఎస్ట్రాగోల్ వాసనలు తెలియడానికి విదేశీ సీసా అక్కర్లేదు. సబ్జా గింజలనిచ్చే రుద్రజడ తులసి జాతి మొక్క. దాని ఆకు నలిపితే లవంగం పోలికగల మామూలు తులసి ఘాటు బదులు సోంపు వాసన వస్తుంది. అది ఎస్ట్రాగోల్ పని. మన దేశంలో సాగుచేసే రుద్రజడ రకాలు కొన్నిటి నూనెలో ఎస్ట్రాగోలే ముఖ్య భాగం. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ విడుదల చేసిన సిమ్-సౌమ్య అనే రకం నూనెలో ఎస్ట్రాగోల్‌తోపాటు లినలూల్ కూడా మెండుగా ఉంటుంది.

కస్తూరి తుమ్మ సంగతి ఇంకా ఆసక్తికరం. తెలుగునాట బంజర్లలో ముళ్ళపొదగా పెరిగే ఈ చెట్టు పసుపుపచ్చని బంతుల్లాంటి పూలు పూస్తుంది. ఆ పూలలో అనిసాల్డిహైడ్ ఉంది. సోంపు, వయొలెట్, తడి పొడి కలిసిన వింత తీపి. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో ఇదే చెట్టును కాసీ అనే పేరుతో పెంచి, పూలసారం తీసి అతి ఖరీదైన పరిమళాల్లో వాడారు. మనవాళ్ళు వంటచెరుకుగానూ కంచెగానూ చూసే చెట్టు అది. ఏలూరు పరిసరాల్లో పరిమళాల మీద ఆసక్తి ఉన్నవారు ముందుగా వాసన చూడవలసిన పువ్వు మల్లె కాదు, ఇదీ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తమలపాకు రకాల్లోనూ ఈ వాసన ఉంది. బెంగాల్ మీఠా రకం ఆకు నూనెలో అనెథోల్ పాలు ఎక్కువ. మన కిళ్ళీ కొట్లలో కలకత్తా మీఠా అని అడిగి తీసుకునే కిళ్ళీకి పైన చల్లిన సోంపు నుంచే కాక ఆకు నుంచి కూడా ఆ తీపి వాసన వస్తుంది.

తాడేపల్లిగూడెం పక్కనున్న వెంకటరామన్నగూడెంలో 2007లో రాష్ట్ర ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం. సుగంధ, ఔషధ మొక్కల సాగు ఉద్యాన విద్యలో ఒక భాగం కాబట్టి, ఈ వాసనలను శాస్త్రంగా చదివే చోటు ఈ సీమలోనే ఉందన్నమాట. ఈ సీమలోని మెట్ట భాగంలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నడుమ కోకో అంతరపంటగా పెరుగుతోంది. గింజలు పులియబెట్టి ఆరబెట్టేటప్పుడు లేచే పుల్లని, తియ్యని, చేదు వాసన అతిమధుర పరిమళాల అడుగు వాసనకు చాలా దగ్గర.

పూర్వ చరిత్ర

సుగంధాలను లెక్కప్రకారం కలిపే విద్యకు మన దేశంలో గంధయుక్తి అని పేరు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికి ఒక అధ్యాయం కేటాయించాడు. 16 ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఎంచుకుంటే 1820 కలయికలు వస్తాయని అక్కడే లెక్క చెప్పాడు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజభోగాల వరుసలో గంధాలను, తాంబూలాన్ని వివరించాడు.

కోస్తాకు సుగంధాలు ఓడల్లో వచ్చేవి. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం విదేశీ వర్తకులకు రక్షణ హామీ ఇస్తూ సుంకాల పట్టిక పెట్టింది. అందులో శ్రీగంధం, కర్పూరం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. 14వ శతాబ్దం చివర కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ సెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. ఈ జాబితాల్లో గంధం, కర్పూరం, కస్తూరి, జవ్వాదిదే పెద్దపీట. సోంపు జాతి వాసన వంటింట్లోనే, వైద్యుడి సంచిలోనే ఉండిపోయింది. తినేవి వేరు, పూసుకునేవి వేరు అనే ఈ గీత పూర్తిగా గట్టిదేమీ కాదు. పచ్చకర్పూరం తీర్థంలోనూ లడ్డూలోనూ పడుతుంది, గంధంలోనూ కలుస్తుంది. ద్వారకా తిరుమల గుడికి వెళ్ళివచ్చినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఏలూరు అగరుబత్తి

ఈ సీమ ముక్కులను తీపి వాసనకు అలవాటు చేసింది ఏలూరు అగరుబత్తి పరిశ్రమ. అంబికా దర్బార్ బత్తి ఈ ఊరిదే. అగరుబత్తిని భగవంతుడికీ భక్తుడికీ నడుమ నిలిపిన దాని ప్రకటన తెలుగు ఇళ్ళలో పెద్దలందరికీ గుర్తే. అగరుబత్తులు రెండు తీరుల్లో తయారవుతాయి. చెక్కపొడి, బంక, సుగంధ ద్రవ్యాలు కలిపి ముద్దచేసి పుల్లకు చుట్టేది మసాలా బత్తి. బొగ్గుపొడితో చుట్టిన పుల్లను ద్రావకంలో కలిపిన సెంటులో ముంచి ఆరబెట్టేది రెండోది. వెనిలిన్, కౌమరిన్, పూల వాసననిచ్చే రసాయనాలు సెంటు సీసాల్లో ఉండేవే బత్తుల్లోనూ ఉంటాయి. అందువల్ల ఏలూరులో పెరిగిన మనిషికి తీపి పరిమళం తగిలితే మొదట పూజగది తలపుకొస్తుంది. పాశ్చాత్యుడికి మిఠాయి కొట్టు తలపుకొస్తుంది. ఒకే సీసాను ఇద్దరూ వేర్వేరుగా అర్థం చేసుకుంటారు, ఇద్దరిదీ సరైన అర్థమే.

పడమటి సీసాలు

అనిసాల్డిహైడ్ వాడకం పాతదే. 1906లో జాక్ గెర్లాన్ కూర్చిన అప్రే లాందే, 1912లో ఆయనే కూర్చిన ల్యూర్ బ్లూ పరిమళాల్లో సోంపు ఛాయ ఉంది. అప్పట్లో అది పూల వెనక దాగి ఉండేది. 1992లో ఒలివియే క్రెస్ప్ కూర్చిన తియెరీ ముగ్లేర్ ఏంజెల్ ఇథైల్ మాల్టాల్‌ను ధారాళంగా వాడి, తినుబండారాల వాసనలతో సెంట్లు చేసే ధోరణికి దారి తీసింది. అతిమధురాన్ని ముందువరసలో నిలబెట్టింది మాత్రం 1997 నాటి లోలితా లెంపికా. అనిక్ మెనార్దో అందులో అతిమధురాన్ని వయొలెట్‌తో, ఐవీ ఆకు పచ్చిదనంతో జతచేసింది. ఆపిల్ పండు ఆకారంలో సీసా. 2000లో ఆమే మగవారికోసం మరొకటి కూర్చింది. 2007లో ఎర్మెస్ సంస్థకు జాన్ క్లోద్ ఎలెనా కూర్చిన బ్రాన్ ద రెగ్లిస్ పద్ధతి పూర్తిగా వేరు: లావెండర్ పక్కన పొడిపొడిగా అతిమధురం, పాకం దాదాపు లేనట్టే. ఉక్క సీమలో ధరించడానికి పాకంలో ముంచిన రకంకన్నా ఈ పొడి రకం ఎన్నో రెట్లు మేలు.

ఈ గాలిలో ధారణ

వేడి పెరిగితే పరిమళం త్వరగా ఆవిరవుతుంది. తేమ పెరిగితే ముక్కుకు వాసన గట్టిగా తగులుతుంది. ఏలూరులో వేసవిలో రెండూ కలిసి వస్తాయి. చలిదేశంలో నాలుగు సార్లు కొట్టుకుంటే సరిపోయే తీపి సెంటు ఇక్కడ మే నెలలో రెండోసారికే పక్కవాడికి తలనొప్పి తెప్పిస్తుంది. తేలికపాటి సోంపు వాసన తొందరగా పోయి, బరువైన వెనిలిన్, మాడిన పంచదార చెమటతో కలిసి జిడ్డుగా మిగులుతాయి. కాబట్టి ఎండాకాలం పగటిపూట ఈ రకం సెంటును పక్కన పెట్టి మల్లెలకు, వట్టివేరుకు, నిమ్మ వాసనలకు చోటివ్వడం మంచిది.

అతిమధుర పరిమళానికి ఈ సీమలో అసలైన కాలం కార్తీకం నుంచి మాఘం వరకు. కొల్లేటి మీద పొగమంచు పట్టి, ఆటపాక చెరువుల్లో గూడబాతులు దిగే ఆ నెలల్లో గాలి చల్లబడుతుంది, సెంటు చర్మానికి దగ్గరగా నిలుస్తుంది, సోంపు తీపి గంటల తరబడి నిదానంగా విచ్చుకుంటుంది. ఒకే చిక్కు: అయ్యప్ప మాల వేసేవారు మండలం రోజులు సెంట్లకు దూరంగా ఉంటారు, ఆ దీక్షాకాలం కూడా ఇదే. దీక్షలో ఉన్నవారి పక్కన కూర్చోవలసి వచ్చినప్పుడు తీపి సెంటు మానుకోవడం మర్యాద. మైలలో ఉన్న ఇంటికి, ఆసుపత్రికి, కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు ప్రయాణానికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఎక్కడ రాసుకోవాలన్నది తర్వాతి మాట. స్నానం చేసి ఒళ్ళు ఆరాక, చెవి వెనక గాని మోచేతి మడతలో గాని ఒకసారి, బట్టమీద ఒకసారి చాలు. ముంజేతుల మీద కొట్టుకుని రెంటినీ రుద్దుకునే అలవాటు వద్దు; రాపిడి వేడికి పైవాసన గబగబా ఎగిరిపోతుంది. నేత చీర, పంచె, నూలు చొక్కా వాసనను చర్మంకన్నా ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి. పట్టుమీద మాత్రం కొట్టకూడదు, మరక పడుతుంది. తలకు కొబ్బరినూనె రాసుకునేవారు దాని వాసనను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొబ్బరి, సోంపు, వెనిలా కలిస్తే మిఠాయి వాసన రెట్టింపవుతుంది. కొందరికది ఇష్టమే.

చేపల చెరువుల మీద, రొయ్యల షెడ్లలో పనిచేసేవారి కష్టం వేరు. నీచు వాసన మీద తీపి సెంటు కొడితే నీచు పోదు, తీపి చెడుతుంది. ఆ వాసనకు ముఖ్య కారణమైన అమీన్లు క్షార గుణం గలవి. పులుపు తగిలితే ఆవిరి కాని లవణాలుగా మారతాయి. అందుకే ఇళ్ళలో చేపలు కడిగాక చేతులకు నిమ్మచెక్కో చింతపండో రుద్దుకోవడం. ఏలూరు నిమ్మకాయల మార్కెట్‌కు పేరున్న ఊరు, మందు చేతికందే దూరంలోనే ఉంది. ముందు నిమ్మ, తర్వాత సబ్బు, ఒళ్ళు ఆరాకే సెంటు.

ఆల్కహాల్ కలిసిన సెంట్లు వద్దనుకునే ముస్లింలు చాలామంది అత్తరు వాడతారు. శుక్రవారం నమాజుకు, రంజాన్‌కు అత్తరు రాసుకోవడం ఇక్కడా ఉన్నదే. గంధపు నూనె ఆధారంగా కనౌజ్‌లో డేగ్ అనే రాగి పాత్రల్లో బట్టీపెట్టి తీసే అత్తరు, గంజాం తీరంలో మొగలి పూలనుంచి తీసే కేవడా ఈ సంప్రదాయంలో గొప్పవి. మొగలి తీపికి సోంపు తీపి బాగా సరిపోతుంది. మణికట్టు మీద చుక్క కేవడా పెట్టి, బట్టమీద అతిమధుర పరిమళం ఒక్కసారి కొట్టి చూడవచ్చు. అయితే చవక అత్తర్లలో గంధపు నూనె బదులు రసాయన ద్రావకాలు ఉంటాయి. తులం ధర చూసి కాక, తెల్లారేదాకా నిలిచే వాసన చూసి వాటి నాణ్యత తేల్చుకోవాలి.

ఆస్వాదన

ఈ పరిమళం మొదటిసారి తగిలినప్పుడు చాలామంది తెలుగువారు చెప్పే మాట దగ్గుమందు. అందులో తప్పేమీ లేదు; మనకు తెలిసిన దగ్గు మందుల్లో, చప్పరించే బిళ్ళల్లో అతిమధురం, సోంపు ఉంటూనే వచ్చాయి. ఆ తొలి ముద్ర తొలగాలంటే తొందరపడకుండా అరగంట ఆగాలి. మొదటి పది, పదిహేను నిమిషాల్లో సోంపు ఘాటు. ఆ తర్వాత పూలు, ఆకులు. లోలితా లెంపికాలో వయొలెట్ బయటపడేది ఇప్పుడే. రెండు గంటలు దాటాక ఎండుగడ్డి, వెనిలా, చెక్క. కొనదలిచినవారు ఈ మూడో దశ చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. కొట్టులో కాగితం ముక్క మీద చూసిన వాసన చర్మం మీద చాలాసార్లు మారిపోతుంది.

ముక్కు త్వరగా అలసిపోతుంది. ఒకే వాసనను కాసేపు పీల్చాక అది ఉన్నట్టే తెలియదు, చుట్టూ ఉన్నవారికి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. వాసన పోయిందనుకుని మళ్ళీ మళ్ళీ కొట్టుకోవడం అందువల్లే. ఆరుబయటకు పోయి గాలి పీల్చి వస్తే ముక్కు తేరుకుంటుంది. ఈ వాసనను పోల్చి చూసుకోవడానికి ఇంట్లోనే సరంజామా ఉంది: సోంపు, అనాసపువ్వు, అతిమధురం పుల్ల, ముదురు బెల్లం, సున్నిపిండిలో వేసే కచ్చూరాలు. ఒక్కోటీ విడిగా వాసన చూశాక సీసా మూత తీస్తే, కూర్పులో ఏది ఎంత ఉందో తెలియడం మొదలవుతుంది.

జాగ్రత్తలు

ఐరోపా సంఘం 2023లో విస్తరించిన సుగంధ అలర్జీ కారకాల జాబితాలో అనెథోల్ చేరింది. అక్కడ నిర్ణీత పరిమాణం దాటితే సీసామీద పేరు రాయాలి. దురద, ఎర్రటి దద్దులు వచ్చే శరీరతత్వం గలవారు మోచేతి లోపలివైపు చుక్క రాసి ఒకరోజు ఆగి చూడాలి. అనాసపువ్వు నూనెను నేరుగా ఒంటికి రాయకూడదు. పసిపిల్లల దగ్గర ఏ సెంటూ వద్దు. అనెథోల్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది కాబట్టి డిసెంబరు, జనవరి తెల్లవారుజామున అనాసపువ్వు నూనె సీసాలో తెల్లగా పేరుకుంటే పాడైందని పారేయనక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళలో నిలబెడితే కరుగుతుంది. సెంటు సీసాలను కిటికీలో కాక బీరువాలో, అట్టపెట్టెలోనే ఉంచాలి. వెలుతురు, వేడి వాటిని త్వరగా చెడగొడతాయి.

నీష్ సీసాల ధర వేలల్లో ఉంటుంది. అంత పెట్టేముందు పెరట్లో ఒక రుద్రజడ మొక్క నాటండి, ఊరిబయట కస్తూరి తుమ్మ పూసినప్పుడు ఆగి వాసన చూడండి. ఆ రెండూ నచ్చితే సీసా కొనండి, నచ్చకపోతే డబ్బు దాచుకోండి.